లెక్క తెలిసిన వేళ్ళు

ప్రకృతి మహాశిల్పి అని కవులు అంటారు. ప్రకృతి ఒక గణిత గ్రంథం అని శాస్త్రజ్ఞులు అంటారు. ఈ రెండు మాటలూ వేరువేరు వారి నోట వినిపించటం చేత వీటికి పొత్తు లేదని మనం భావిస్తూ ఉంటాం. పద్యం చదివే విద్యార్థి లెక్కలకు దూరంగా, లెక్కలు చేసే విద్యార్థి పద్యానికి దూరంగా కూర్చోవటం కళాశాలలో నిత్యం చూసేదే. కాని పువ్వును తన చేతితో చేసి చూసిన వారికి ఈ ఎడం ఉండదు. మట్టితో గాని, దారంతో గాని ఒక రేకును రూపొందించవలసి వచ్చినప్పుడు అందం ఎక్కడ ముగిసిందో, లెక్క ఎక్కడ మొదలైందో చెప్పటం కష్టం. అటువంటి చేతులను గురించి, ముఖ్యంగా మా నరసాపురం చేతులను గురించి నాలుగు మాటలు చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన సాహిత్యానికి గణితం పరాయిది కాదు. మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. చిత్రకవిత్వంలో పద్మబంధం అనే ప్రక్రియ ఉంది. అందులో అక్షరాలను తామరపువ్వు ఆకారంలో అమర్చుతారు. నడిమి దుద్దులో ఉన్న ఒక్క అక్షరమే రేకులన్నింటికీ చెందుతుంది. రేకుకు ఎన్ని అక్షరాలో, ఏ అక్షరం ఎక్కడ మళ్ళీ రావాలో ముందుగా లెక్క చూసుకోనిదే ఆ పువ్వు విచ్చుకోదు. అంతదాకా ఎందుకు? మీరు కంఠస్థం చేసే కందపద్యమే ఒక లెక్క.

కందంలో రావలసిన గణాలు ఐదని మీకు తెలుసు: గగ, భ, జ, స, నల. ఈ ఐదింటినే ఎందుకు ఎంచుకున్నారు? లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను గురులఘువులతో ఎన్ని విధాలుగా కూర్చవచ్చునో కాగితం మీద వేసి చూడండి. సరిగ్గా ఐదు విధాలే వస్తాయి. అవే ఆ ఐదు గణాలు. ఆరవది రమ్మన్నా రాదు. మూడు మాత్రలను కూర్చే విధాలు మూడు. ఐదు మాత్రలకు ఎనిమిది. ఆరు మాత్రలకు పదమూడు. ప్రతి సంఖ్యా తనకు ముందున్న రెండు సంఖ్యల మొత్తమే. కారణం సులభం. ఏ కూర్పయినా లఘువుతో ముగియాలి, లేదా గురువుతో ముగియాలి. లఘువుతో ముగిసేవి ఒక మాత్ర తక్కువైన కూర్పుల నుంచి, గురువుతో ముగిసేవి రెండు మాత్రలు తక్కువైన కూర్పుల నుంచి పుడతాయి. జైనాచార్యుడు హేమచంద్రుడు 12వ శతాబ్దంలో ఈ నియమాన్ని ఛందశ్శాస్త్రంలో భాగంగానే చెప్పాడు. ఇటలీ దేశస్థుడు ఫిబొనాచ్చి 1202లో రచించిన గ్రంథం వల్ల ఈ సంఖ్యలు ఆయన పేరిట లోకప్రసిద్ధాలైనాయి.

ఇక పెరటిలోకి రండి. అనాసపండు మీది కన్నులను ఏటవాలు వరుసలుగా లెక్కపెట్టండి. సాధారణంగా ఒక వైపుకు ఎనిమిది వరుసలు, మరొక వైపుకు పదమూడు వరుసలు ఉంటాయి. పొద్దుతిరుగుడు పువ్వు నడుమ గింజలు రెండు దిక్కులకూ సుడులు తిరుగుతాయి. ఆ సుడులు తరచు ముప్పైనాలుగు, యాభైయైదు. ఇవన్నీ ఆ వరుసలోని సంఖ్యలే. అనాసపండుకు ఛందస్సు తెలియదు, హేమచంద్రుడు అనాసపండును చూసి ఉండడు. అయినా ఇద్దరూ ఒకే లెక్క వేశారు. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లల ముఖాలలో ఒక వెలుగు కనిపిస్తుంది. ఆ వెలుగు కోసమే నేను ఏటేటా ఈ మాట చెబుతూ ఉంటాను.

ప్రకృతి వేసిన ఈ లెక్కను కంటితో చూడటం ఒక ఎత్తు, చేతితో పలికించటం మరొక ఎత్తు. ఈ రెండవ పనిని మట్టితో సాధించినవారు జపాను దేశంలో ఉన్నారు. ఆ దేశంలో కుండ చేయటం వేల ఏళ్ళ విద్య. టీ తాగే గిన్నెను కూడా కళాఖండంగా చేతుల్లోకి తీసుకొని చూసే సంస్కారం వారిది. 1925లో యనగి సోయెత్సు అనే ఆలోచనాపరుడు, ఆయన మిత్రులు ‘మింగేయి’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. దానికి జనకళ అని అర్థం. పేరు ప్రతిష్ఠలు ఆశించని మామూలు పనివాడు నిత్యవ్యవహారం కోసం చేసిన వస్తువులోనే నిజమైన సౌందర్యం ఉన్నదని వారి వాదం.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, 1948లో, క్యోటో నగరంలో కొందరు యువకులు ‘సోదేయిషా’ అనే బృందంగా ఏర్పడ్డారు. కుండకు నోరు ఉండి తీరాలా, అందులో ఏదో ఒకటి పోయవలసిందేనా అని వారు ప్రశ్నించారు. ఆ బృందంలో ముఖ్యుడైన యాగి కజువో 1954లో ‘జాంసా గారి షికారు’ అనే శిల్పాన్ని చేశాడు. నిలబెట్టిన చక్రం వంటి ఒక వలయం, దానికి పొడుచుకు వచ్చిన చిన్న చిన్న గొట్టాలు. కాఫ్కా కథలో పురుగుగా మారిపోయిన మనిషి పేరు దానికి పెట్టాడు. ఆ వలయమూ గొట్టాలూ కుమ్మరి సారె మీద తీసినవే. కాని వాటిలో నీళ్ళు పోయటానికి వీలులేదు. పాత్రగా పుట్టిన మట్టి ఆనాడు శిల్పంగా మారింది.

వారు వేసిన బాటలో నేటి జపాను మృత్తికా శిల్పులు ఎంతో దూరం వచ్చారు. 1947లో క్యోటోలో పుట్టిన ఫుకామి సుయెహారు పలుచని పింగాణి ద్రవాన్ని ఒత్తిడితో అచ్చులలోకి ఎక్కించి, లేత నీలి మెరుగు పూసి, కత్తి అంచు వంటి రూపాలను తీశాడు. వాటిని చూస్తే సముద్రమూ ఆకాశమూ కలిసే గీత మనసులో మెదులుతుంది. సకియామా తకయుకి ఈజు ద్వీపకల్పంలో సముద్రపు ఒడ్డున ఉండే శిల్పి. ఆయన పాత్రలకు లోపల ఒక గోడ, వెలుపల ఒక గోడ. ఇసుక వన్నె గల ఆ గోడల మీద తీసిన గాడులు అల వెంబడి అలగా మెలికలు తిరుగుతాయి. ఆ వరుస శిల్పాలకు ఆయన పెట్టిన పేరుకు ‘అలలను ఆలకించటం’ అని అర్థం. 1980లో జన్మించిన ఫుజికాసా సతోకో అనే శిల్పిని చేసిన తెల్లని రూపాలు గాలికి ఎగిరే వస్త్రంలా, సుడి తిరిగే నీటిలా పలుచగా పైకి లేస్తాయి. అది మట్టి అని ఎవరైనా చెప్పితే తప్ప నమ్మలేము.

ఈ శిల్పులకు ప్రకృతి ప్రేరణ, గణితం అవసరం. మట్టి ఎండి, కాలి, చల్లారేసరికి పదోవంతుకు పైగా కుంచించుకుపోవటం మామూలు. ఒక చోట దళసరిగా, మరొక చోట పలుచగా ఉంటే అది ఒకే తీరున కుంచించుకోదు; పగులుతుంది. ఎంత వంపుకు ఎంత బరువు నిలుస్తుందో, ఏ మూల ఎంత ఆగి తడి ఆరనివ్వాలో చేతికి తెలియాలి. కుమ్మరి సారె గుండ్రని రూపాన్ని మాత్రమే ఇస్తుంది. అల వంటి, రేకు వంటి రూపం కావాలంటే సారెను విడిచి, అతి ప్రాచీనమైన పద్ధతికి మళ్ళాలి. మట్టిని తాడులా సాగదీసి, వరుస మీద వరుసగా పేర్చి, అతుకు కనిపించకుండా వేళ్ళతో పామటమే ఆ పద్ధతి. ఫుజికాసా శిల్పాలు ఇలా పుట్టినవే. ఒక్కొక్క దానికి నెలల తరబడి శ్రమ పడుతుంది.

ఆ మట్టితాడును గురించి కొంచెం ఆలోచించండి. కింది వరుస ఎంత పొడుగో పై వరుసా అంతే పొడుగుంటే గోడ నిటారుగా లేస్తుంది. పై వరుస పొట్టిదైతే పాత్ర లోపలికి మూసుకుంటుంది. కొంచెం పొడుగైతే గిన్నెలా విచ్చుకుంటుంది. మరీ పొడుగైతే? ఆ అదనపు పొడుగు పోవటానికి చోటు లేక అంచు అలలు అలలుగా లేస్తుంది. మొత్తం రూపం వరుసకూ వరుసకూ ఉన్న పొడుగు తేడాలోనే దాగి ఉన్నది. ఈ సూత్రం నాకు బోధపడినప్పుడు మా ఊరి వీధి అరుగులు గుర్తుకు వచ్చాయి. ఎందుకంటే అక్కడ కూర్చున్న స్త్రీలు ప్రతి దినం చేసే పని ఇదే. వారి చేతిలో మట్టితాడుకు బదులు నూలుదారం ఉంటుంది. అంతే తేడా.

నరసాపురం వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న పట్టణం. కొద్ది దూరంలో అంతర్వేది వద్ద ఆ పాయ సముద్రంలో కలుస్తుంది. ఈ రేవుకు నూలుతో సంబంధం పాతది. పొరుగున ఉన్న మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీ వారు బట్టల వ్యాపారం సాగించారు. ఆ ఊరి పేరు ఇంగ్లీషువారి నోట ‘మదపోలం’గా మారి, ఒక రకం తెల్లని నూలుబట్టకు పేరుగా నిలిచిపోయింది. లేసు అల్లిక ఆ తరువాత వచ్చినది. 1844 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన మెక్‌రే అనే క్రైస్తవ మిషనరీ దంపతులు గోదావరి ప్రాంతపు స్త్రీలకు దీనిని నేర్పారని చెబుతారు. 1899 నాటి కరవును, 1929 నాటి ఆర్థిక మాంద్యాన్ని దాటుకొని ఆ విద్య నిలిచింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకొంటూ వచ్చారు. పలకా బలపమూ ఎరగని తరాలు సైతం ఈ విద్యలో పండితులైనాయి.

పనిముట్టు అతి స్వల్పం. కొనకు చిన్న కొక్కెం ఉన్న ఒక సూది, ఒక దారపు ఉండ. దారంతో ఒక కన్ను వేసి, ఆ కంటిలో నుంచి కొక్కెంతో దారాన్ని లాగి మరొక కన్ను, దానిలో నుంచి ఇంకొకటి. ఇలా గొలుసు సాగుతుంది. గొలుసును చుట్టి చిన్న వలయంగా కలిపితే అది పువ్వుకు దుద్దు. దాని చుట్టూ కుట్లు వేసుకొంటూ పోతే రేకులు. ప్రతి రేకూ బయలుదేరిన చోటికి తిరిగి వచ్చి, మళ్ళీ కొత్త రేకుగా బయలుదేరుతుంది. పద్మబంధంలో నడిమి అక్షరం వలె ఇక్కడ ఆ నడిమి వలయమే రేకులన్నింటికీ పుట్టినిల్లు. ఒక్క కుట్టు తప్పితే పువ్వు వంకరపోతుంది. ఒక్క మాత్ర తప్పితే కందం కుంటుపడినట్లే.

మా వీధిలో నలభై ఏళ్ళుగా లేసు అల్లుతున్న ఒక పెద్దావిడ ఉన్నారు. టీపాయి మీద వేసే గుండ్రని లేసు ఆమె ఒడిలో తయారవుతూ ఉండగా ఒకనాడు నిలబడి చూశాను. ఆమె ఎదురుగా కాగితం లేదు, గీత లేదు, కొలబద్ద లేదు. పక్కింటి వారితో మాట్లాడుతూనే ఉన్నారు. వేళ్ళు తమ పని తాము చేసుకుపోతున్నాయి. “అమ్మా, ఏ వరుసకు ఎన్ని కుట్లు పెంచాలో మీకు ఎలా తెలుస్తుంది?” అని అడిగాను.

“లెక్కలు మాకేం తెలుత్తాయండి మాస్టారూ!” అని ఆమె నవ్వారు. “బల్ల మీద పరిచి చూత్తే అదే చెప్పుద్దండి. అంచు పైకి లేచి గిన్నెలాగా అయిందనుకోండి, కుట్లు తక్కువ పడ్డట్టు. అలలు అలలుగా లేచిందనుకోండి, ఎక్కువ పడ్డట్టు. ఊడదీసి మళ్ళీ వేసుకోడమేనండి.”

లెక్కలు తెలియవన్న ఆమె చెప్పినది జ్యామితిలోని ఒక గొప్ప సత్యం. దానిని మన భాషలో చెప్పుకుందాం. వృత్తపు వ్యాసార్ధం ఒక ప్రమాణం పెరిగితే చుట్టుకొలత రెండు ‘పై’ ప్రమాణాలు పెరుగుతుంది. ‘పై’ విలువను 22/7గా తీసుకుంటే ఆ పెంపు ఆరు ప్రమాణాలు, మరి ఏడింట రెండు వంతులు. పొట్టి కుట్టుకు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. కనుక ఒక్కొక్క వరుస చేరినప్పుడు చుట్టుకొలతకు ఆరు కుట్లు అదనంగా కావాలి. మిగిలిన చిల్లరను దారపు సాగుదల భరిస్తుంది. అందుచేత బల్ల మీద చదునుగా పరుచుకునే లేసులో కుట్లు ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవైనాలుగు, ముప్పై అని అంకశ్రేఢిలో పెరుగుతాయి. పొడుగు కుట్టు సుమారు రెండింతల ఎత్తు ఉంటుంది కాబట్టి దానికి వరుసకు పన్నెండేసి కావాలి. ‘పై’ అనే అక్షరాన్ని ఎన్నడూ చూడని చేతులు ‘పై’ని తప్పకుండా పాటిస్తున్నాయి.

చదును కన్న తక్కువ పెంచితే గిన్నె. అది కొబ్బరిచిప్ప వంపు. పెంచటం మానివేస్తే గొట్టం. అది వెదురు బొంగు. మరి ఎక్కువ పెంచితే వచ్చే ఆ అలల అంచు ప్రకృతిలో ఎక్కడ ఉన్నది? కోడిజుట్టు పువ్వును చూడండి. పండుగల పూలదండలలో ఎర్రని పట్టువస్త్రపు కుచ్చులా ఉండే ఆ పువ్వులో అంచు మధ్యభాగం కంటె వేగంగా పెరుగుతుంది. చదునులో ఇమడలేక అది మడతలు పడుతుంది. సముద్రగర్భంలో పగడపు జీవులు, కొన్ని రకాల నాచు ఆకులు ఇలాగే పెరుగుతాయి. కొద్దిపాటి చోటులో వీలైనంత ఎక్కువ తలాన్ని నీటికి ఎదురొడ్డి ఆహారం పట్టుకోవటం పగడానికి దీనివల్ల కలిగే లాభం.

ఆశ్చర్యమేమంటే, ఈ అలల అంచు గణితవేత్తలను రెండు వేల ఏళ్ళు వేధించిన ఒక చిక్కుకు సమాధానం. ఒక సరళరేఖకు వెలుపల ఉన్న బిందువు గుండా ఆ రేఖకు ఒకే ఒక సమాంతర రేఖను గీయవచ్చునని మీరు చదువుకున్నారు. యూక్లిడ్ కాలం నుంచి వస్తున్న ఈ భావనను మిగిలిన సూత్రాల సాయంతో నిరూపించాలని ఎందరో ప్రయత్నించి విఫలులైనారు. 1829లో రష్యాకు చెందిన లోబచెవ్‌స్కీ, 1832లో హంగరీకి చెందిన బోల్యాయ్ మరొక తోవ చూపించారు. ఒక బిందువు గుండా ఎన్నైనా సమాంతర రేఖలు పోగల తలాన్ని కూడా విరోధం లేకుండా ఊహించవచ్చునని వారు చెప్పారు. దానికి అతిపరావలయ జ్యామితి అని పేరు. కాని అటువంటి తలాన్ని చేతితో పట్టుకొని చూడటం ఎలా? అమెరికా గణితవేత్త విలియం థర్‌స్టన్ కాగితపు ముక్కలను అతికి నమూనాలు చేయించాడు. అవి ముట్టుకుంటే చిరిగిపోయేవి.

1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉన్న దైనా తైమిన్యా అనే గణితవేత్త్రికి ఒక ఉపాయం తోచింది. ఆమె లాత్వియా దేశస్థురాలు. చిన్ననాడే అల్లిక నేర్చినది. కొక్కెపు సూదీ దారమూ తీసుకొని, ప్రతి వరుసలోనూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుతూ పోయింది. రెండు కుట్లు ఉన్న చోట మూడు వేస్తారనుకోండి. పదహారు కుట్ల వరుస తరువాత ఇరవైనాలుగు, ముప్పైఆరు, యాభైనాలుగు, ఎనభైయొకటి వస్తాయి. ఇది గుణశ్రేఢి. అంకశ్రేఢి చదునైన లేసును ఇచ్చింది. గుణశ్రేఢి పగడాన్ని ఇచ్చింది. ఆ అల్లికను మడిచితే మడత గీత సరళరేఖ అవుతుంది. ఒకే బిందువు గుండా పోయే మడతలు అనేకం ఆ గీతను తాకకుండా తప్పుకుపోవటం కంటికే కనిపిస్తుంది. పెద్ద పెద్ద గ్రంథాలు మాటలలో చెప్పిన దానిని ఒక అల్లిక చేతిలో పెట్టింది.

ఆ తరువాత 2005లో మార్గరెట్ వెర్తైమ్, క్రిస్టీన్ వెర్తైమ్ అనే ఆస్ట్రేలియా సోదరీమణులు లాస్ ఏంజిలిస్ నగరంలో ఈ అల్లికతో ఒక పగడపు దిబ్బనే నిర్మించటం మొదలుపెట్టారు. సముద్రజలం వేడెక్కి తమ దేశపు పగడపు దిబ్బలు తెల్లబారి చనిపోతున్నాయన్న ఆవేదన వారి చేత ఆ పని చేయించింది. దేశదేశాల స్త్రీలు వేల సంఖ్యలో ఆ అల్లికలో పాలుపంచుకున్నారు. అవి ప్రదర్శనశాలలలో నిలిచాయి.

ఇంతవరకు చెప్పినది సంతోషకరమైన కథ. ఇక చెప్పవలసినది వేరొకటి ఉన్నది. క్యోటో శిల్పి చేసిన రూపం కింద ఆయన పేరు ఉంటుంది. కార్నెల్‌లో అల్లిన తలం కింద ఆమె పేరు ఉంటుంది. మా వీధి పెద్దావిడ అల్లిన లేసు సముద్రాలు దాటిపోతుంది. దాని మీద ఎవరి పేరూ ఉండదు. ఒక బల్లగుడ్డలో పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపి అతుకుపని చేసేది మరొకరు, వాటిని పోగుచేసి తీసుకుపోయేది ఇంకొకరు, విదేశాలకు పంపేది వేరొకరు. చేతులు మారిన కొద్దీ ధర పెరుగుతుంది. మొదటి చేతికి దక్కేది మాత్రం ముక్కకు ఇంత అనే కూలి.

మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970వ దశకం చివరలో ఇక్కడికి వచ్చి ఈ స్త్రీల జీవితాన్ని పరిశీలించారు. ‘నరసాపురం లేసు అల్లికదారులు’ అని అర్థం వచ్చే పేరుతో ఆమె గ్రంథం 1982లో వెలువడింది. ప్రపంచ విపణికి సరుకు తయారు చేస్తున్న ఈ స్త్రీలను అందరూ గృహిణులుగానే లెక్కిస్తున్నారని, వారి శ్రమను తీరిక వేళల కాలక్షేపంగా చూస్తున్నారని ఆమె రాశారు. కాలక్షేపానికి ఎవరు మాత్రం న్యాయమైన కూలి ఇస్తారు? ఒక పనికి మనం పెట్టే పేరే దాని విలువను నిర్ణయిస్తుంది. ఆ గ్రంథం దేశదేశాల విశ్వవిద్యాలయాలలో చదివారు. అందువల్ల మా ఊరి పేరు మాకు తెలియని దేశాలకు తెలిసింది.

తరువాతి కాలంలో కొన్ని మార్పులు వచ్చాయి. నరసాపురం పక్కనున్న రుస్తుంబాదలో ‘అలంకృతి’ పేరుతో లేసు పార్కు ఏర్పడింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. వేరే చోట తయారైన సరుకును ఈ పేరుతో అమ్మటానికి ఇక వీలులేదు. ఇది సంతోషించదగినదే. యంత్రాల మీద తయారయ్యే చవక లేసు విపణిని ముంచెత్తుతున్న కాలంలో ఇటువంటి రక్షణ అవసరం కూడా. చూపులకు ఒకలా ఉన్నా యంత్రపు లేసు అల్లిక వేరు. దారాన్ని కంటిలో నుంచి కంటిలోకి లాగే ఈ కొక్కెపు అల్లిక నేటికీ మనిషి చేతి పనే. అయితే ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. ఊరి పేరు వెనుక ఉన్న మనుషుల పేర్లను, వారి కూలిని కాపాడే బాధ్యత మనదే.

అజ్ఞాత శ్రామికుని చేతిలోనే నిజమైన అందం ఉన్నదన్న యనగి మాటను నేను గౌరవిస్తాను. కాని అజ్ఞాతంగా ఉండటం ఒకరు కోరుకుంటే అది వినయం. మరొకరు విధిస్తే అది అన్యాయం. తన విద్యను విద్య అని తానే అనుకోలేని స్థితి అన్నింటికంటె బాధాకరం. “లెక్కలు మాకేం తెలుత్తాయండి” అన్న ఆ మాట వినయంతో వచ్చినది కాదు. తరతరాలుగా లోకం చెప్పగా చెప్పగా నాలుకకు అలవాటైన మాట అది. విద్య పుస్తకంలోనే ఉంటుందని మనం తీర్మానించాం. వేళ్ళలో ఉన్న దానికి అలవాటు అని పేరు పెట్టి పక్కన ఉంచాం.

మా కళాశాలలో చదివే పిల్లలు చాలామంది అటువంటి ఇళ్ళ నుంచి వచ్చినవారే. వారిలో కొందరు తమ తల్లి లేసు అల్లుతుందని చెప్పటానికి మొగమాటపడతారు. వారికీ, మీకూ ఒక పని అప్పగిస్తున్నాను. మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో లేసు అల్లే తల్లి ఉంటే ఆమె పక్కన కూర్చోండి. మీ ఊరు నరసాపురం కాకపోతే చాప అల్లేవారు, బుట్ట అల్లేవారు, కుండ చేసేవారు ఎవరో ఒకరు ఉండకపోరు. ముందుగా, ఏ వరుసలో ఎన్ని కుట్లు వేస్తున్నారో అడిగి, ఆ సంఖ్యలను మీ నోటుపుస్తకంలో రాసుకోండి. అవి ఏ శ్రేఢిలో ఉన్నాయో ఆమెకు వివరించండి. ఆమెకు తెలిసిన దాని పేరేమిటో ఆమెకు తెలియనివ్వండి. ఆ తరువాత, అది పూర్తి కావటానికి ఎన్ని గంటలు పట్టిందో, ఎన్ని రూపాయలు చేతికి వచ్చాయో అడిగి, గంటకు ఎంత పడిందో భాగహారం చేయండి. మొదటి లెక్క మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది. రెండవ లెక్క మిమ్మల్ని నిద్రపోనివ్వకపోవచ్చు. రెండూ చేయగలిగినవారే లెక్కలు వచ్చినవారు.